మూడు వందల డబ్బాల గుట్టు

అనగా అనగా, చాన్నాళ్ళేం కాలేదు, మొన్నమొన్ననే, ఒక ఊరి చివర కొత్త లేఅవుటులో చెవులున్న ఇల్లు ఒకటి ఉండేది. ఇంటికి చెవులేమిటని నవ్వకు చిన్నీ. ఊఁ కొట్టు. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. ఈ కథలో ఒక్క నిమిషం ఆగినా ముప్పే.

ఆ ఇంట్లో జోగారావు అని ఒకాయన ఉండేవాడు. మందుల ఫ్యాక్టరీలో పని. ఆయన పెళ్ళాం పేరు పైడిరత్నం. ఆయన తల్లి గంగాయమ్మ. వాళ్ళ మధ్య అయిదు నెలల పసిగుడ్డు, బుజ్జమ్మ. చుట్టూ ఇంకా ఖాళీ స్థలాలే. కేకేస్తే కాకులు పలకాలి.

జోగారావుకి కొత్త వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. గోడకి వైఫై పెట్టె బిగించాడు. అప్పుడు మాట చెప్తే వెలిగే దీపాలు తెచ్చాడు. ఆ తర్వాత ఉయ్యాల మీద కెమెరా పెట్టాడు. ఆ తర్వాత వీధి తలుపుకి తాళంచెవి అక్కర్లేని తాళం వేయించాడు. అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది, ఫోన్లో వేలు పెట్టినా తెరుచుకుంటుంది. తలుపు పక్కన మాట్లాడే గంట కూడా ఒకటి. వాళ్ళమ్మ సంధ్యవేళ ఇల్లు చీకటిగా ఉండకూడదంటుందని, సరిగ్గా ఆరింటికి అన్ని గదుల్లో దీపాలు వాటంతటవే వెలిగేట్టు పురమాయించాడు.

పైడిరత్నం బట్టలు కుట్టేది. బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. కానీ చింతపండు పొట్లం కట్టిన కాగితమైనా సరే, చదవందే పారేసేది కాదు. మగవాళ్ళు అట్టపెట్టె విప్పి వస్తువు తీసుకుని కాగితం పారేస్తారు చూడు, ఆ కాగితం ఏరుకుని ఈవిడ కుట్టు మిషను మీద పెట్టుకుని చదివింది. అందులో ఇలా ఉంది: 'మీ గుట్టుమాటగా పేర్లూ తేదీలూ పెట్టకండి. ఒకే మాట అన్నిటికీ పెట్టకండి.' గుట్టుమాటంటే అదే, పాస్‌వర్డు. అది తెలిసినవాడికి ఇల్లు తెలిసినట్టే.

"ఏమయ్యా, మనం ఏం పెట్టాం?" అని అడిగింది.

"మర్చిపోకుండా ఉండేదే పెట్టాలే. అన్నిటికీ ఒకటే."

"మార్చు."

"రేపు," అన్నాడు జోగారావు.

ఇంటి గృహప్రవేశం అంతకు మూడు నెలల ముందే అయింది. పాలు పొంగించారు. మూడు వందల విస్తళ్ళు లేచాయి. వచ్చినవాళ్ళెవరినీ ఒట్టి చేతులతో పంపకూడదని గంగాయమ్మ తలా ఒక స్టీలు డబ్బా పంచింది. అందరూ సంతోషించారు, ఒక్క కూర్మారావు తప్ప. ఆయన పైడిరత్నానికి మేనమామ కొడుకు. వరసకి బావ. ఊళ్ళో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. "రెండోసారి బూరెలు కావాలా అని నన్నడిగినవాడు లేడు" అని మూతి ముడుచుకుని డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళాడు. డబ్బా మాత్రం వదల్లేదు చూశావా!

సరే. ఒక మంగళవారం పొద్దున్న దీపాలన్నీ టపటపా వెలిగి ఆరాయి. మళ్ళీ వెలిగి ఆరాయి. ఎవరూ మాట చెప్పలేదు, ఎవరూ స్విచ్చి నొక్కలేదు.

"దిష్టే, అనుమానం లేదు," అంది గంగాయమ్మ. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది.

"కరెంటులో ఏదో తేడా," అన్నాడు జోగారావు.

"గుట్టుమాట మార్చు," అంది పైడిరత్నం.

"రేపు."

మర్నాడు బుధవారం. పైడిరత్నం మిషను మీద జాకెట్టు కుడుతోంది. ఉయ్యాల గదిలోంచి ఎవరో మాట్లాడారు. ముక్కుతో మాట్లాడినట్టు, దెయ్యం గొంతు.

"బుజ్జమ్మా... మీ అమ్మ ఎక్కడే?"

పైడిరత్నం చేతిలో కత్తెర అలాగే పట్టుకుని పరుగెత్తింది. గదిలో ఎవరూ లేరు. పిల్ల కళ్ళు విప్పి పైకి చూస్తోంది. ఉయ్యాల మీద కెమెరా మెడ తిప్పింది. ఇటు. అటు. మళ్ళీ ఇటు. దాని లోపల్నుంచి సన్నగా ఒక చప్పుడు. గర్ర్‌ర్‌ర్... టక్. గర్ర్‌ర్‌ర్... టక్.

ఆవిడ ఒంట్లో నెత్తురు గడ్డకట్టింది. కానీ చెయ్యి గడ్డకట్టలేదు. కెమెరా వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

ఆ రోజు సాయంత్రం మొగుడు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అందుకుంది. "మన ఇంట్లోకి ఎవడో వచ్చాడు. కాళ్ళు లేకుండా వచ్చాడు. నా పిల్లని పేరు పెట్టి పిలిచాడు."

"కంపెనీవాళ్ళు ఏదో సరిచేస్తూ ఉంటారే..."

"కంపెనీవాళ్ళకి నా పిల్ల ముద్దుపేరెలా తెలుసు? వాళ్ళేమైనా బారసాలకి వచ్చారా?"

దానికి జోగారావు ఏమన్నాడంటావు? "రేపు తప్పకుండా" అన్నాడు.

ఆ రేపే గురువారం.

గురువారం సాయంత్రం అయిదున్నరయింది. దోమలొస్తాయని పైడిరత్నం కిటికీ తలుపులన్నీ మూసి గడియలు పెట్టింది. పొయ్యి మీద పాలు పెట్టి మంట తగ్గించింది. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. అత్తగారు అరుగు మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. అప్పుడు చినుకు పడింది. దండెం మీద పిల్ల గుడ్డలున్నాయి. పైడిరత్నం గబగబా బయటికి వచ్చి అయిదు గుడ్డలు తీసింది. ఆరో గుడ్డ తీస్తుండగా వెనకనుంచి వినిపించింది.

టిక్.

గాలికి మూసుకున్న తలుపుకి దానంతటదే తాళం పడింది.

పైడిరత్నం వచ్చి అంకెలు నొక్కింది. ఎర్ర దీపం. మళ్ళీ నొక్కింది. ఎర్ర దీపం. వేళ్ళు తుడుచుకుని ఒక్కొక్కటే చూసి నొక్కింది. 'చాలాసార్లు తప్పు నొక్కారు, ఆగండి' అంది తాళం. అంకెలు ఎవరో మార్చేశారు. తాళానికి మామూలు తాళంచెవి కూడా ఒకటుంది. ఎక్కడుందంటావు? భద్రంగా దేవుడి గూట్లో, లోపల.

అప్పుడు తలుపు పక్క గంటలోంచి నవ్వు వచ్చింది. "ఒక పాట పాడు రత్నం, తలుపు తీస్తాను."

"ఎవడ్రా నువ్వు? పొయ్యి మీద పాలున్నాయి. లోపల పసిపిల్ల ఉంది. తియ్యి!"

"పాలు పొంగితే మంచిదేగా, లక్ష్మి వస్తుంది," అంది గొంతు. మళ్ళీ ముక్కుతో నవ్వింది. గర్ర్‌ర్‌ర్... టక్. ఆ తర్వాత ఎవరో పిలిచినట్టున్నారు, గంట మూగబోయింది. పైడిరత్నం ఎంత అరిచినా పలకలేదు.

చిన్నీ, పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీద పడ్డాయి. మంట ఆరిపోయింది. మంట ఆరినా గ్యాసు ఆరదు కదా.

తలుపు కింది సందులోంచి వాసన వచ్చింది. పైడిరత్నం రోకలి తెచ్చి ముందుగది కిటికీ అద్దం బద్దలుకొట్టింది. ఇనప ఊచలు అడ్డం. ఉయ్యాల నడిమి గదిలో, చెయ్యి అందనంత దూరంలో. వంటింటి కిటికీకి లోపలి గడియ, బయట ఇనప జాలి. ఆవిడ ఫోను లోపలే. జోగారావు ఫోను ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టెలో. లోపలికి తీసుకెళ్ళనివ్వరు.

బద్దలైన అద్దంలోంచి గోడ గడియారం కనిపించింది. ఆరింటికి ఇంకా ఇరవై నిమిషాలు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఆరింటికి దీపాలు వాటంతటవే వెలుగుతాయి. గ్యాసు నిండిన ఇంట్లో స్విచ్చి పడితే చిన్న నిప్పురవ్వ చాలు.

గంగాయమ్మ రొమ్ము బాదుకుంటోంది. పైడిరత్నం ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "అత్తా, ఏడుపు తర్వాత. అరుగు మీది మీటరు దగ్గర నిలబడు. ఫ్యూజు మీద చెయ్యి పెట్టి ఉంచు."

"ఇప్పుడే పీకేస్తానే!"

"వద్దు! ఇప్పుడు పీకితే వైఫై పెట్టె చస్తుంది. అది చస్తే ఎవరి ఫోనుకీ తలుపు తెరుచుకోదు, పిల్ల లోపలే ఉండిపోతుంది. తలుపు టిక్కుమంటే పీకు. టిక్కుమనకపోయినా, ఆ గోడ గడియారం చూసి, చర్చి గంట ఆరు కొట్టకముందే పీకు. లోపలికి వెళ్ళి ఏ స్విచ్చీ ముట్టుకోకు. పిల్లని మాత్రం ఎత్తుకుని బయటికి రా."

"మరి నువ్వెక్కడికే?"

"ఆ చప్పుడు దగ్గరికి."

గర్ర్‌ర్‌ర్... టక్. ఆ చప్పుడు తను ఎక్కడో విన్నదే. ప్రతి ఆదివారం విన్నదే. పిండిమర! ఊళ్ళో ఉన్నది ఒక్కటే పిండిమర. దాని బెల్టు తెగితే కొత్తది కొనడానికి చేతులు రాక, అతుకేసి నడుపుతున్నాడు యజమాని. ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టక్ మంటుంది. మరి పిండిమర గోడని ఆనుకుని ఉన్న కొట్టు ఎవరిది?

పైడిరత్నం పరుగెత్తింది. చెప్పులు వదిలేసి పరుగెత్తింది. కొంగు నడుముకి చుట్టి పరుగెత్తింది. ఒక వీధి దాటింది. రెండు వీధులు దాటింది. మూడో వీధి మలుపులో పడి, మోకాలు చీరుకుని, లేచి మళ్ళీ పరుగెత్తింది.

కూర్మారావు అప్పుడే ఒక బేరం తెమిల్చి, ఎత్తుపీట మీద కూర్చుని, ఫోను చేతిలోకి తీసుకుని నవ్వుకుంటున్నాడు. బొటనవేలు దీపం బొమ్మ మీదికి వెళ్తోంది.

"వేలు తియ్!"

ఆ అరుపుకి పిండిమర దగ్గర నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు.

"అదేంటి మరదలు పిల్లా," అన్నాడు కూర్మారావు. "బావనన్నాక ఆ మాత్రం సరసం..."

"ఒరే కూర్మయ్యా. పాలు పొంగి మంట ఆరింది. ఇల్లంతా గ్యాసు. నా పిల్ల లోపలుంది. నీ వేలు ఆ దీపం మీద పడితే ఇక సరసమాడటానికి ఇల్లుండదు, మరదలుండదు. తలుపు తియ్యి."

కూర్మారావు మొహంలో నెత్తురు చుక్క లేదు. కంగారులో వేలు ఎక్కడెక్కడో తగిలి, ఫోను మొదటికొచ్చి గుట్టుమాట అడిగింది. ఒకసారి తప్పు కొట్టాడు. రెండోసారి తప్పు కొట్టాడు. అప్పుడు తల తిప్పి బల్ల మీదున్న స్టీలు డబ్బా వైపు చూశాడు.

పైడిరత్నమూ చూసింది. దాన్నిండా స్క్రూలు పోసుకున్నాడు. మూత మీద, గంగాయమ్మ దగ్గరుండి కొట్టించిన అక్షరాలు: 'గంగాయమ్మ నిలయం. గృహప్రవేశం 21-3'.

మర్చిపోకుండా ఉండే మాట! ఇంటి పేరు, ఇల్లు చేరిన తేదీ! మొగుడు తలుపుకి పెట్టిన గుట్టుమాటని అత్తగారు మూడు వందల డబ్బాల మీద చెక్కించి ఊరంతా పంచింది. ఆవిడకి గుట్టు తెలియదు, ఆయనకి డబ్బా గుర్తులేదు.

పైడిరత్నం డబ్బా ఎత్తి కూర్మారావు మొహం ముందు పెట్టింది. "చూసి కొట్టు. ఒక్కొక్క అక్షరం."

కొట్టాడు. ఫోనులో చక్రం తిరిగింది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. వెనక పిండిమర గర్ర్‌ర్‌ర్... టక్. గర్ర్‌ర్‌ర్... టక్.

'తలుపు తెరుచుకుంది' అని వచ్చింది.

మరుక్షణం ఫోనులో ఇల్లు మొత్తం మాయమైంది. తలుపు లేదు, దీపాలు లేవు, ఏమీ లేవు.

అత్త ఫ్యూజు పీకింది. పీకింది సరే, ఆ తర్వాత? ముసలావిడ లోపలికి వెళ్ళగలిగిందా? గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిందా? చెప్పేవాడు లేడు. పైడిరత్నం వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. చర్చి గంట మొదలైంది. ఒకటి. రెండు. మూడు...

మలుపు తిరిగింది.

వీధి మధ్యలో, వానలో, గంగాయమ్మ నిలబడి ఉంది. కొంగు ముక్కుకి కట్టుకుని, కుడి చేతిలో ఫ్యూజు, ఎడమ భుజం మీద బుజ్జమ్మ. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు కన్నా కమ్మని పాట పైడిరత్నం పుట్టి ఎరగదు.

గంట ఆరు కొట్టింది. ఇల్లు చీకటిగానే ఉంది.

పైడిరత్నం ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళింది. సిలిండరు కట్టేసింది. కిటికీలన్నీ బార్లా తెరిచింది. సంధ్యవేళ దీపం లేకపోతే ఊరుకోని గంగాయమ్మ, ఆ సంధ్యవేళ మాత్రం చీకటి ఇంటికి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

కూర్మారావు వెనకాలే రొప్పుతూ వచ్చి గేటు బయటే నిలబడిపోయాడు. "తెలియదే రత్నం... ఒట్టు, నాకు తెలియదు."

"తెలియనివాడివి పసిదాని ఉయ్యాల్లోకి ఎందుకు తొంగిచూశావు? నీకు బూరెలే కావాలంటే గుమ్మంలో నిలబడి అడుగు, పెడతాను. గోడలోంచి వచ్చావో, వరస మర్చిపోతాను."

అప్పుడు జోగారావు వచ్చాడు. జరిగింది విన్నాడు. నోరు తెరిచాడు.

"'రేపు' అన్నావంటే..." అంది పైడిరత్నం.

ఆయన నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఇల్లంతా గాలి మారాకనే ఫ్యూజు పెట్టారు. పైడిరత్నం ఆ కాగితం ముందేసుకుని కూర్చుంది. మొదట గుట్టుమాటలు మార్చింది, ఒక్కోదానికి ఒక్కోటి. తర్వాత వైఫైని రెండు చేసింది. చుట్టాలకి అరుగు, ఇంటివాళ్ళకి వంటిల్లు ఉన్నట్టే, వచ్చేపోయేవాళ్ళకి ఒకటి, ఇంట్లో వస్తువులకి ఒకటి. మూడోది, దేవుడి గూట్లో తాళంచెవి తీసి అత్తగారి బొడ్లో దోపింది. కొత్త మాటల్ని మంత్రం చెప్పినట్టు చెవిలోనే చెప్పింది. ముందు అత్తకి. వారం తర్వాత మొగుడికి. ఇప్పటికీ నెలకోసారి మారుస్తుంది, పచ్చళ్ళ జాడీలకి ఎండ చూపించినట్టు.

మరుసటి నెల బుజ్జమ్మకి అన్నప్రాశన. మళ్ళీ మూడు వందల మంది. గంగాయమ్మ స్టీలు చెంచాలు తెచ్చి, బెదురుబెదురుగా కోడలి దగ్గరికి వచ్చింది. "ఏమే రత్నం, వీటి మీద ఏం కొట్టించమంటావు? ఏమీ వద్దా?"

పైడిరత్నం నవ్వింది. కాగితం మీద రాసిచ్చింది. మూడు వందల చెంచాల మీదా అదే కొట్టించారు. కూర్మారావుకిచ్చిన చెంచా మీద కూడా. నాలుగు బూరెలు తిన్నాక తీరిగ్గా చదువుకున్నాడు:

'తలుపు తట్టి రండి.'

పాలు చల్లారె, పసిపాప నిదరోయె,
తలుపు గడియ పడె, తాళాలు బొడ్డుకెక్కె,
గుట్టు గుండెలో దాగె, గంట గూట్లో ఊగె,
కథేమో కంచి దారి పట్టె, మనమేమో దుప్పట్లో దూరితిమి.