రోజూ తాగాల్సిన మందు

పేరు చెబితే ఆయన వంశంవాళ్లు తగాదాకు వస్తారు గనక రాజుగారనే అందాం. ఆయనకు రక్తపుపోటు. ఆస్థాన వైద్యుడు శరభాచారి రోజూ సర్పగంధి కషాయం పట్టించేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. చెబితే తన గొప్ప తగ్గుతుందని బెంగ.

ఒకనాడు నిండు కొలువులో రాజుగారు కషాయం గిన్నె విసిరికొట్టారు.

"నాకు నొప్పి లేదు, జ్వరం లేదు. ఏళ్ల తరబడి తాగుతున్నా, ఇంకా తాగమంటాడు! రోగం కుదర్చలేని వైద్యుడు దొంగ. వీడి తల తీసెయ్యండి!"

తలారి నూకన్నను పిలిపించారు. అతనికి చంపడం కొత్త కాదు. కానీ గడప అవతల నిలబెట్టి మందిచ్చినా, పోయినేడు తన కూతుర్ని బతికించింది శరభాచారే. కత్తి పైకి లేవలేదు.

"ఏరా, మొద్దుబారిందా?"

"కత్తి బాగానే ఉంది మహాప్రభూ. నాకే ఒక అనుమానం. దొంగతనాలు మాన్పడానికి మా తాత కాలం నుంచీ తలలు తీయిస్తున్నారు. దొంగలు మాత్రం పోలేదు. రోగం కుదరకపోతే మందు వేయించినవారి తల తీయాలంటే, ముందు ఎవరి దగ్గరికి రమ్మంటారు?"

రాజుగారి కణతల మీద నరాలు ఉబ్బాయి.

"నువ్వు లేకపోతే ఈపాటికి కోటే దోచేసేవారు కదరా!" అని అరిచారు. ఆ మాట తన చెవినే పడి ఆగిపోయారు. మెల్లగా చెయ్యి చాచారు. శరభాచారి ఇంకో గిన్నె అందించాడు. ఈసారి ఎందుకో కూడా చెప్పాడు.

నూకన్న దండం పెట్టి బయటికొచ్చాడు. అక్కడ మేకను దొంగిలించినవాడు పొద్దుటి నుంచీ తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. వాడి తరఫున అడగడానికి నూకన్నకు ఏ అనుమానమూ తోచలేదు.