సిస్టర్ లూర్దమ్మ ఇచ్చిన రెండు ట్యూబులు

శౌరికి ఆ వారమంతా కాళ్లు నేలమీద ఆనలేదు. కీళ్లవాతంతో వచ్చినవాళ్ల రక్తంలో అతనికి ఒక బాక్టీరియా జాడ దొరికింది. ఒకరిద్దరిలో అయితే సరేలే అనుకునేవాడు. పరీక్షించిన దాదాపు అందరిలోనూ ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో ఎంత వెతికినా లేదు.

అది ప్రాణంతో ఉన్న బాక్టీరియా కాదు. ప్రాణంతో ఉంటే గాజుపళ్లెంలో వేసినప్పుడు పెరిగి కనిపించేది. దొంగ వెళ్లిపోయాక గడపమీద మిగిలిన కాలిముద్ర లాంటిది ఇది. కరోనా రోజుల్లో ఎవరో దాతలు కొనిచ్చిన యంత్రం అలాంటి ఆనవాలును కూడా పట్టుకోగలదు. దొంగ దొరికినట్టేనని శౌరి నమ్మాడు.

పల్నాట్లో అదొక చిన్న మిషనాసుపత్రి. దానికి పెద్ద డాక్టరు సిస్టర్ లూర్దమ్మ, డెబ్బై దాటిన కన్యస్త్రీ. శౌరి పట్నంలో డాక్టరు చదువు ముగించి, పెద్దాసుపత్రులు పిలిచినా కాదనుకుని, ఆమె దగ్గర నేర్చుకోవాలని వచ్చి చేరాడు. ఆమె కూర్చోబెట్టి పాఠం చెప్పగా విన్నవాళ్లు ఎవరూ లేరు. పక్కన నిలబడి చూసి ఏరుకున్నవాళ్లకు ఏరుకున్నంత.

శౌరి వెళ్లి తాను కనిపెట్టిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఈ నొప్పులకు మూలం తెలిసిపోయిందనీ, ఆ బాక్టీరియాను చంపే మందు కొన్ని నెలలు వాడితే చాలనీ, ఈ సంగతి లోకానికి తెలియాలనీ అన్నాడు. లూర్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నది.

"రోగుల రక్తం ఎవరు తీశారు?" అని అడిగింది.

"నేనే సిస్టరమ్మా. ఒక్కటి కూడా నర్సులకు వదల్లేదు."

"మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్లది?"

రక్తదానానికి వచ్చినవాళ్ల సంచుల్లోంచి కొంచెం కొంచెం తీసుకున్నానన్నాడు. ఆమె తలాడించి, తాను చెప్పేదాకా ఈ మాట ఎవరి చెవినా వేయొద్దంది. అంత మంచి వార్త విని ఆమె ముఖం కాస్తయినా విప్పారనందుకు శౌరి మనసు చివుక్కుమంది. ముసలితనం వస్తే కొత్తదేదీ రుచించదు కాబోలు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె అతని చేతిలో రెండు రక్తపు ట్యూబులు పెట్టింది. ఒకదానిమీద నీలం గీత, ఇంకోదానిమీద ఎర్ర గీత. పేర్లు లేవు.

"ఈ రెండిట్లో జబ్బు ఎక్కడుందో చూసి చెప్పు నాయనా."

శౌరి వాటిని పరీక్షకు పెట్టాడు. ఫలితం రావడానికి మర్నాటిదాకా పడుతుంది. అప్పటిదాకా ఆగినా ఈ కథ వేరేగా ఉండేది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆడవాళ్ల వార్డులో అంకమ్మ అనే పిల్లతల్లి ఉంది. మిరపచేలల్లో పనికి పోయే మనిషి. కాన్పయిన కొన్నాళ్లకే వేళ్లు వాచి బిగుసుకుపోయాయి. పిల్లకింకా పాకడం రాలేదు. తల్లి ఆ పిల్లను ఒళ్లో పెట్టించుకుని పాలివ్వగలదు గానీ తనంతట తాను ఎత్తుకోలేదు. పక్కమీదున్న పిల్ల చేతులు చాపితే, అత్త వచ్చి అందించేదాకా చూస్తూ కూర్చోవాలి. శౌరి వార్డులోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది, నాకేమైందో తెలిసిందా బాబూ అని. ఇన్నాళ్లూ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు. ఆ రోజు ఆగలేకపోయాడు. అందులో గర్వం ఉంది, నిజమే. జాలి కూడా ఉంది. రెండూ కలిస్తే మనిషిని ఆపడం కష్టం.

తెలిసిందమ్మా అన్నాడు. నీ రక్తంలో పురుగు దొరికిందన్నాడు. సోమవారం నుంచి మందు మొదలుపెడదామనీ, అది చాలాకాలం వాడాల్సిన మందు కనుక, పాలల్లోకి దిగి పిల్లకు పడకపోవచ్చు కనుక ఈ రోజు నుంచే పాలు మాన్పించమనీ చెప్పాడు.

అంకమ్మ కాసేపు పిల్లవంక చూసింది.

"ఈ మందేసుకుంటే పిల్లనెత్తుకుంటానా బాబూ?"

"ఎత్తుకుంటావు."

ఆ ఒక్క మాట మీద ఆమె అన్నిటికీ ఒప్పుకుంది.

పిల్ల ఆ సాయంత్రం మొదలుపెట్టిన ఏడుపు తెల్లారినా ఆపలేదు. అత్త ఉగ్గుగిన్నెతో డబ్బాపాలు పోయబోతే ఉమ్మేసింది. వార్డు పక్కనే పరీక్షల గది. గుక్కపట్టిన ఏడుపు శౌరికి వినిపిస్తూనే ఉంది. నాలుగు రోజులు కష్టపడితే తల్లి చేతులు తల్లికి వస్తాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి ఫలితం తేలింది. ఎర్ర గీత ట్యూబులో ఏమీ లేదు. నీలం గీత ట్యూబులో అదే జాడ, రోగులందరిలో కనిపించినదే, స్పష్టంగా ఉంది. తన మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలనుకుంటూ శౌరి సిస్టర్ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు.

లూర్దమ్మ కట్లు కట్టే గదిలో కూర్చుని గుడ్డ కత్తిరిస్తోంది.

"నీలం గీత మనిషికి జబ్బుంది సిస్టరమ్మా. ఎర్ర గీత మనిషికి లేదు."

"సరిగ్గా చూశావా?"

"ఒక్కోదాన్నీ ఒకేసారి రెండు పరీక్షలకు పెట్టాను, రెండిట్లోనూ అదే వచ్చింది."

"అయితే ఆ నీలం గీత మనిషికి మందు మొదలుపెట్టాలంటావు."

"పెట్టాలి. ఆలస్యం చేయకూడదు."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. ఎడమచేతి బొత్తాం విప్పి తెల్లచొక్కా చెయ్యిని మోచేతి పైదాకా మడిచింది. ముడతలు పడిన చర్మంమీద ఒక సూది గుర్తు, దాని చుట్టూ కమిలిన మచ్చ ఉన్నాయి. తర్వాత కుడిచెయ్యి కూడా మడిచి చూపించింది. దానిమీద ఏ గుర్తూ లేదు.

"రెండూ నావే. నీలం గీతది ముందు నిండింది. సూది కదపకుండానే ఎర్ర గీతది నింపించాను."

శౌరి ఆ కమిలిన మచ్చవంక చూస్తూ ఉండిపోయాడు. ఎంత స్పిరిటు పెట్టి తుడిచినా చర్మం లోపలి పొరల్లో బాక్టీరియా ఆనవాలు ఉండనే ఉంటుంది. సూది ఆ చర్మాన్ని చీల్చుకుంటూ పోతే మొదట వచ్చే రక్తంలో ఆ ఆనవాలు కాస్త కలుస్తుంది. రోగుల దగ్గర తాను నింపింది ఎప్పుడూ ఆ మొదటి ట్యూబే. రక్తదానం చేసేవాళ్ల మొదటి రక్తం పక్కనున్న చిన్న సంచిలోకి పోతుంది, ఆ తర్వాతే పెద్ద సంచి నిండుతుంది. అది అతను ఎన్నోసార్లు చూశాడు. చూసి కూడా, పెద్ద సంచిలోంచి తీసుకున్నప్పుడు ఒక్కసారీ తట్టలేదు. ఇన్నాళ్లూ తాను పట్టుకున్నది జబ్బుకూ ఆరోగ్యానికీ ఉన్న తేడా కాదు. ముందు వచ్చిన రక్తానికీ వెనక వచ్చిన రక్తానికీ ఉన్న తేడా.

"ఇప్పుడు చెప్పు శౌరీ. నాకు జబ్బుందా, లేదా?"

అతని నోట వచ్చిన మాట అతనికే కొత్తగా వినిపించింది.

"తెలీదు సిస్టరమ్మా."

లూర్దమ్మ చొక్కా చేతులు దించుకుని బొత్తాం పెట్టుకుంది. అప్పుడే వార్డులోంచి పిల్ల ఏడుపు మళ్లీ అందుకుంది. ఆ పసిది నిన్నటినుంచీ ఎందుకలా ఏడుస్తోందని ఆమె అడిగింది. శౌరి తలవంచుకుని చేసినదంతా చెప్పాడు. నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే అతని ప్రాణానికి కాస్త తెరిపిగా ఉండేది. ఆమె పెట్టలేదు. ముఖంలో కోపం కూడా లేదు, బాధ ఉంది. అది చూడలేక అతను నేలచూపులు చూశాడు.

"ఇప్పుడు నాతో అన్నావే, ఆ మాట. అది పోయి ఆమెతో అను."

వార్డులో అంకమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏడుస్తున్న పిల్లను అత్త భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. శౌరి మంచం పక్కన నేలమీద గొంతుకూర్చున్నాడు. డాక్టరు అలా కూర్చోవడం చూసి అంకమ్మ కంగారుగా లేవబోయింది.

"నీకీ జబ్బు ఎందుకొచ్చిందో నాకు తెలీదమ్మా. నిన్న తెలుసన్నాను. అది తప్పు. పిల్లకు పాలివ్వు."

ఆమెకు వెంటనే సంతోషం కలగలేదు. ముందు నిన్నటి ఆశ పోయింది. అది పోవడం అతని కళ్లముందే జరిగింది.

"అయితే నా చేతులు?"

"అదీ తెలీదు. వెతుకుతాను."

పిల్ల నోరు పెట్టకూడదని అంకమ్మ నిన్న అత్త నూరిచ్చిన వేపాకు రొమ్ములకు పూసుకుంది, అది ఎండి అట్టకట్టి ఉంది. చెంబులోని నీళ్లలో గుడ్డ ముంచింది గానీ ఆ వేళ్లతో పిండలేకపోయింది. నీళ్లు చీరమీదికి కారుతున్నాయి.

శౌరి ఆ గుడ్డ తీసుకుని పిండి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తుడుచుకుని మళ్లీ ఇచ్చింది. అతను మళ్లీ తడిపి, పిండి ఇచ్చాడు. తర్వాత అత్త పిల్లను తల్లి ఒళ్లో పెడుతుంటే గోడవైపు తిరిగి, ఏడుపు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.