ఇరవయ్యేడో నావ

రేపు పరీక్ష ఉంటే మాత్రం, అలా గుడ్లు మిటకరించుకుని కూర్చుంటావుటే కనకం? పాఠం మొత్తం ఒక్క బిగిన అయిపోవాలా? అన్నం కూడా కెలికి వదిలేశావు. చాల్లే, పుస్తకం మూసి ఇలా రా. నా పక్కన పడుకుని ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే కథ సగంలోనే అలిగి వెళ్ళిపోతుంది, తర్వాత నన్నడిగి లాభం లేదు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు ఇసుక. పేరు శంఖుదిబ్బ. ఊరి చివర ఇసుకదిబ్బ మీద ఒక శంఖం ఉండేది. ఎంత శంఖమనుకున్నావు? గుమ్మడికాయంత! దాన్ని ఊదితే కాళ్ళ కింద ఇసుక వణికేదట.

ఆ శంఖం ఎందుకంటే, మాఘమాసంలో అక్కడ పొగమంచు పడుతుంది. పడిందంటే నీ చెయ్యి నీకే కనిపించదు. తెల్లారగట్ల వేటకి వెళ్ళిన నావలకి ఒడ్డు ఎటుందో తెలియదు. అప్పుడు దిబ్బ మీద నుంచి శంఖం ఊదేవారు. ఆ మోత పట్టుకుని నావలన్నీ ఇంటికొచ్చేవి.

ఆ ఊళ్ళో ఒక మాట ఉండేది. 'ఊపిరి తెగితే నావ తెగుతుంది' అని. అంటే, శంఖం మొదలుపెట్టినవాళ్ళు ఆఖరి నావ వచ్చేదాకా ఆపకూడదు. ముక్కుతో గాలి దొంగిలిస్తూ నోటితో ఊదుతూనే ఉండాలి. మధ్యలో ఆపితే ఊరంతా నోరు నొక్కుకునేది.

శంఖం నేర్పడానికి ఒక బడి ఉండేది. పంతులు మసేనయ్య తాత. ఆయన పాఠం చాలా చిత్రమైంది. ఊళ్ళో ఇరవయ్యేడు నావలు. అన్నిటికంటే పాత నావ 'పెద్దకొంగ' మొదలుకుని, కొత్త నావ దాకా, వరసగా అన్ని పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పాలి. చెప్పినవాళ్ళకే శంఖం.

ఆ బడిలో పైడి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది. వాళ్ళ అయ్య గురయ్యది అందరికంటే కొత్త నావ. పేరు 'గువ్వ'. అంటే ఏమైంది? వరసలో ఆఖరున పడింది. పైడి ఊపిరి ఎప్పుడూ ఇరవై దగ్గరే అయిపోయేది. రోజూ చెప్పేది, రోజూ వాళ్ళయ్య నావ దాకా చేరలేకపోయేది. పాపం, ఇంటికెళ్ళి మూల కూర్చుని ఏడ్చేది.

మసేనయ్య తాత పొద్దున్నే ప్రతి పిల్లనీ పిల్లాడినీ మూడు ప్రశ్నలు అడిగేవాడు. "ఏటి తిన్నావు? ఎంతసేపు తొంగున్నావు? మనసులో ఏటుంది?" ఇంతే. పిల్లలకి నవ్వొచ్చేది. శంఖానికీ పొద్దున తాగే చోడి అంబలికీ ఏం సంబంధమని!

ఒకరోజు పైడి అంబలి తాగకుండా దోసెడు జీళ్ళు తిని వచ్చింది. ఆ రోజు పేర్లు పద్నాలుగు దగ్గరే ఆగిపోయాయి. తాత తిట్టలేదు. "సూసుకున్నావా?" అన్నాడు, అంతే.

ఆ తర్వాత జాతర వచ్చింది. మూడు రోజులు నిద్ర మానేసి తిరిగింది. నాలుగో రోజు పదకొండో నావకే ఆవలించింది. నావ పేరు ఆవలింతలో కొట్టుకుపోయింది. తాత మళ్ళీ తిట్టలేదు. "సూసుకున్నావా?" అన్నాడు.

అప్పటి నుంచి పైడి బుద్ధిగా అంబలి తాగింది, చేపల పులుసుతో అన్నం తింది, దీపం పెట్టాక ఒళ్ళు మరిచి నిద్రపోయింది. అయినా ఇరవై దాటలేదే! అప్పుడు తాత మూడో ప్రశ్న గట్టిగా అడిగాడు. "మనసులో ఏటుంది గుంటా?"

పైడి చాలాసేపు ఇసుకలో గీతలు గీసింది. ఆ తర్వాత చెప్పింది. "భయమేస్తాది తాతా. గువ్వ పేరు దగ్గరికొచ్చీసరికి మా అయ్య మంచులో తప్పిపోయినట్టు కనబడతాది. గొంతు పట్టేస్తాది."

తాత సముద్రం వైపు చూశాడు. "నాకూ ఒక తమ్ముడుండీవోడు. ఇలాటి మంచులోనే పోయాడు. నాను ఊపిరి తెగకుండా ఊదాను. అయినా రాలేదు. ఎందుకో ఈయాలటికీ తెలీదు" అన్నాడు. ఆమె తల నిమిరాడు. "భయం ఊపిరి తింటాది. దాసుకుంటే మరీ తింటాది. సెప్పీసినావు కదా, ఇంక సగమే తింటాది."

నమ్ముతావో లేదో, ఆ రోజు పైడి ఇరవై నాలుగు పేర్లు చెప్పింది!

బడిలో ఇంకొకడున్నాడు, ఎల్లాజీ. పదిహేనేళ్ళవాడు. మొత్తం ఇరవయ్యేడూ చెప్పి, శంఖం సంపాదించినవాడు. పిల్లలందరికీ వాడంటే ఇంతెత్తున గౌరవం. వాడు ఓ రోజు ఎక్కడి నుంచో చుట్ట తెచ్చాడు. "పొగ పీలిస్తే గుండె ఎచ్చబడతాది, శంఖం మోత బరువుగా వస్తాది" అన్నాడు. పిల్లలు తలా ఒక దమ్ము లాగారు, తలా ఒక దగ్గు దగ్గారు. పైడి వంతు వచ్చింది.

పైడికి పట్టుకోవాలనే ఉంది. అందరూ పీల్చాక తానొక్కతే మానేస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా? అయినా తాత మూడు ప్రశ్నలూ తనే వేసుకుంది. ఆ తర్వాత "నాకొద్దు" అంది. వాళ్ళు బతిమాలారు. "నాకొద్దు" అంది. వెక్కిరించారు. "నాకొద్దు అన్నాను కదా" అని లేచి వెళ్ళిపోయింది. పది రోజులు ఎవరూ ఆటకి పిలవలేదు. పైడి ఒక్కతే గవ్వలేరుకుంది. బాధ పడలేదంటే అబద్ధం.

మాఘం వచ్చింది. అప్పటికి ఎల్లాజీకి చుట్ట రోజూ అలవాటైపోయింది. ఒక పొద్దున మంచు దిగింది చూడు, అమ్మో, ఏమని చెప్పను! ఆకాశం లేదు, సముద్రం లేదు, ఇల్లు లేదు, వాకిలి లేదు. దేవుడు లోకాన్ని చేద్దామా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నట్టుంది. ఇరవయ్యేడు నావలూ ఆ తెలుపులో ఎక్కడో ఉన్నాయి. ఊరంతా దిబ్బ దగ్గర చేరింది.

ఎల్లాజీ శంఖం ఎత్తి ఊదాడు. మొదట బాగానే పలికింది. కాసేపటికి బొంగురుపోయింది. ఆ తర్వాత దగ్గు తెర కమ్మి కూలబడ్డాడు. ముసలి మసేనయ్య తాత ఊదబోతే గాలే తప్ప మోత రాలేదు. అప్పుడు తాత చూపు పైడి మీద పడింది.

పైడి శంఖం పట్టుకుంది. అది తన ఒళ్ళో పట్టలేదు. పెదవులు ఆనించి ఊదింది.

కనకం, ఆ మోత విన్నవాళ్ళు చచ్చేదాకా మర్చిపోలేదట. ఇసుక వణికింది. పీతలన్నీ బొరియల్లోంచి బయటికొచ్చి నిలబడ్డాయట. ఆ మంచు మధ్యలో నల్లగా ఒక ముక్కు కనిపించింది. పెద్దకొంగ! దాని వెనక ఎర్రతోక, ఆ వెనక వెండిపొలుసు. ఒకటొకటిగా, ఎవరో పేర్లు పెట్టి పిలుస్తున్నట్టు, నావలు తెలుపులోంచి పుట్టుకొచ్చాయి. ఇరవై వచ్చాయి. ఇరవై నాలుగు వచ్చాయి. ఇరవయ్యారు వచ్చాయి.

గువ్వ రాలేదు.

పైడికి కళ్ళు చీకట్లు కమ్మాయి. చెవుల్లో హోరు. వెనక నుంచి ఆడవాళ్ళు అరుస్తున్నారు, "ఆపకే గుంటా! ఊపిరి తెగితే నావ తెగిపోద్ది!" అని. వాళ్ళ తప్పేముంది, తాతల నాటి నుంచీ ఆ మాటే వింటున్నారు. కానీ పైడికి తన ఒళ్ళు చెబుతోంది, ఇంకొక్క క్షణం ఊదితే పడిపోతావు, అప్పుడు అయ్యకి నువ్వూ ఉండవు అని.

పైడి శంఖం దించేసింది.

ఊరంతా నిలువునా బిగుసుకుపోయింది. ఏ శబ్దమూ లేదు. ఆ దిబ్బ మీద మంచు పడ్డ పొద్దున అలాంటి నిశ్శబ్దం అంతకు ముందెప్పుడూ లేదు, ఎప్పుడూ మోతే కదా! పైడి కళ్ళు మూసుకుని ఒక ఊపిరి తీసుకుంది. రెండు తీసుకుంది. మూడోది తీసుకుంటుండగా వినిపించింది.

"పై... డీ..."

ఎడమ వైపు నుంచి! ఆ వైపు 'రాకాసి పళ్ళు' అని, నీళ్ళలో దాగిన బండరాళ్ళున్నాయి. గురయ్య వాటికి అవతల ఉన్నాడు. దిబ్బ మీద మోత పట్టుకుని తిన్నగా వస్తే నావ ఆ రాళ్ళ మీదే పడుతుంది. ఇంకాసేపు అక్కడి నుంచి ఊది ఉంటే, కూతురే అయ్యని రాళ్ళ మీదికి పిలిచి ఉండేది.

"రాళ్ళకి అవతల ఇసుకలోకెల్లి ఊదాలి!" అంది పైడి. శంఖం ఎత్తబోతే ఎల్లాజీ లాక్కున్నాడు. "దీన్ని నాను మోస్తాను. నువ్వు ఊపిరి దాసుకో. బేగి రా" అన్నాడు. దగ్గుతూనే ముందు పరుగెత్తాడు.

రాళ్ళు దాటాక పైడి ఊదింది, ఆగింది, విన్నది. గొంతు కాస్త దగ్గరైంది. మళ్ళీ ఊదింది, ఆగింది, విన్నది. తెడ్డు చప్పుడు. మూడోసారి ఊదేసరికి మంచు చీల్చుకుని గువ్వ ముక్కు ఇసుకలో దిగింది. గురయ్య దూకి కూతుర్ని ఎత్తుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు.

మసేనయ్య తాత మెల్లగా నడిచొచ్చి ఇసుకలో కూలబడ్డాడు. "మా ముత్తాత కాడి నుంచి ఊదుతున్నాం. ఒక్కళ్ళం ఆగి ఇన్లేదు" అన్నాడు. ఆ తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు, "నా తమ్ముడూ పిలిసే ఉంటాడు."

పైడి దగ్గరికెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. అంతకంటే ఎవరేం చెయ్యగలరు?

అప్పటి నుంచి శంఖుదిబ్బలో ఊదడం, ఆగడం, వినడం. ఎల్లాజీ చుట్ట మానేశాడు, వాడి ఊపిరి వాడికి తిరిగి రావడానికి మాత్రం రెండు వానాకాలాలు పట్టింది. మరి పైడి? మరుసటి ఏడు తాత పేర్లు చెప్పమన్నాడు. పెద్దకొంగ నుంచి ఇరవయ్యారు నావలూ ఒక్క ఊపిరిలో చెప్పింది. ఇంకా గాలి మిగిలే ఉంది. అయినా ఆగింది. హాయిగా, నిండుగా ఊపిరి తీసుకుంది. అప్పుడు చెప్పింది, "గువ్వ" అని.

తాత శంఖం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఏమే, ఊఁ కొట్టడం లేదు? మిగిలిన పాఠం పొద్దున్నే లేచి చదువుకుందువుగానిలే. ముందు అంబలి తాగి. మనసులో ఏముందో అది కూడా అప్పుడే చెబుదువుగాని, నేనెక్కడికీ పోను.

కథ పడవెక్కింది కంచికి,
కునుకు ఒడ్డెక్కింది మంచానికి.
ఊపిరి తీసుకో నిండుగా,
అమ్మమ్మ ఉంది అండగా.