రాజుగారిని దగ్గించిన నూనె

ఒకానొక సముద్రతీర రాజ్యాన్ని చండకేసరి అనే మహారాజు ఏలుతుండేవాడు. అబ్బో, ఆయనగారి దర్పం ఏమని చెప్పమంటారు! మూడేళ్ళ కిందట ఒకసారి తాను మాట్లాడుతుండగా ఎవరో దగ్గారట. అంతే, మర్నాడే ఊరంతా చాటింపు: "సభలో దగ్గిన వాడు ఎవడైనా సరే, పది కొరడా దెబ్బలు!" అప్పటినుంచి జలుబు చేసినవాళ్ళు కండువా నోట్లో కుక్కుకుని సభలో కూర్చునేవారు.

ఈ రాజుగారికి పడమటి దేశాల నుంచి ఓడల మీద వచ్చే ఆలివు నూనె అంటే ప్రాణం. దాన్ని స్ఫటికపు సీసాల్లో పోయించి, ఎండ తగిలే కిటికీల్లో వరసగా పెట్టించేవాడు. అది బంగారంలా మెరుస్తుంటే "ఇదీ మేలిమి సరుకంటే!" అని మురిసిపోయేవాడు. రుచి చూసి తీర్పు చెప్పే పని సోమనార్యుడనే పండితుడిది. గొంతులో జర్రున జారిపోతే మంచిదనేవాడు, ఏ కాస్త పట్టినా కల్తీ అనేవాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? దగ్గితే కొరడా కాచుకుని ఉందాయె!

ఆ ఆస్థానంలోనే కొమ్మయ అని ఒక చమత్కారి ఉండేవాడు. ఒకనాడు రేవులో తిరుగుతూ దావూదు అనే ముసలి అరబ్బు వర్తకుడి నూనె రుచి చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు! "తాతా, ఇంత మంచి సరుకు ఇక్కడ ఉంచావేం? పద కోటకి!" అని తానే దగ్గరుండి తీసుకొచ్చాడు.

దావూదు నలభై నల్లమట్టి జాడీలు సభలో దింపించాడు. "ఈ ఏటి కాయ, ఈ ఏడే గానుగ ఆడించాను ప్రభూ. వెలుతురు తగలకుండా తెచ్చాను" అన్నాడు.

సోమనార్యుడు గరిటెడు నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, ముఖం కందగడ్డయింది. వచ్చే దగ్గును గుటకలు వేసి దిగమింగి, "కల్తీ! ఘోరమైన కల్తీ! మిరియాలు నూరి కలిపాడీ ముసలాడు!" అని అరిచాడు.

"నాకే కల్తీ సరుకా?" రాజు మీసం మీద చెయ్యి వేశాడు. "ఆ జాడీలన్నీ సముద్రంలో పారబోయండి! వీణ్ణి చెరసాలలో తొయ్యండి!"

దావూదు నిలుచున్నచోటే కూలబడిపోయాడు. "అల్లా సాక్షిగా ఇందులో ఏమీ కలపలేదు ప్రభూ! నా తోటంతా ఈ జాడీల్లోనే ఉంది" అని ఏడ్చాడు. అయ్యయ్యో, రేవులో తన మానాన తాను ఉన్న మనిషిని నేనే కదా పులి నోటికి అందించాను అనుకున్నాడు కొమ్మయ. భటులు అప్పటికే ముసలాయన రెక్క పట్టుకున్నారు.

"ఆగండాగండి!" అంటూ కొమ్మయ ముందుకు దూకాడు. "మహాప్రభూ, తమ నాలుకకు దీటైన నాలుక ఈ భూమండలంలో లేదు కదా! మరి ఒక పండితుడి నాలుకను నమ్మి శిక్ష వేశారంటే పొరుగురాజులు ఏమనుకుంటారు?"

రాజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నిజమే! తే ఇలా!"

"ఒక్క సందేహం ప్రభూ. పొంగలిలో మిరియపు గింజ కొరికితే ముందు ఎక్కడ మండుతుంది?"

"ఇదీ ఒక ప్రశ్నేనా? నాలుక మీద!"

"అందరూ విన్నారుగా! ఇక సేవించండి."

రాజు గిన్నెడు నూనె ఒక్క గుక్కలో పట్టించాడు. నాలుక చప్పరించాడు. "ఊఁ... పచ్చిగడ్డి కోసినప్పటి వాసన... కాస్త చేదు... మంట లేదే..." అంటూనే ఉన్నాడు, గొంతులో పట్టేసింది! ఆపుకోబోయాడు. ఆగుతుందా? ఖళ్! ఖళ్ ఖళ్! కిరీటం పక్కకు ఒరిగింది.

సభలోనివాళ్ళంతా తలలు దించుకున్నారు. కొమ్మయ మాత్రం చేతులు కట్టుకుని, "కొరడా తెప్పించమంటారా ప్రభూ?" అన్నాడు.

"ఏం కూశావ్?"

"నేను కాదు, తమ చాటింపే కూసింది. ఎవడైనా సరే అన్నారు కదా!"

"నేను కావాలని దగ్గానా? నూనె దగ్గించింది!"

"ఆహా! అయితే దగ్గినవాడి తప్పు లేదన్నమాట. మరి నూనె తప్పేమిటో చూద్దాం. తమరికి ఎక్కడ మండింది?"

"గొంతులో."

"నాలుక మీద?"

"చల్లగా ఉంది."

"మరి మిరియాలు ఏవి ప్రభూ?"

కొమ్మయ గబగబా వెళ్ళి కిటికీలోని స్ఫటికపు సీసా ఒకటి తెచ్చి మూత తీశాడు. "ఇప్పుడు దీన్ని వాసన చూడండి."

రాజు ముక్కు మూసుకున్నాడు. "ఛీ! కనరు కంపు!"

"ఎండకు మాడిన నూనె మరి. మెరుపు చూసి కొన్నారు, కిటికీలో పెట్టి చంపారు. ఈ ఏటి కాయ నూనెకు గొంతు పట్టడమే గుర్తు. రేవులో చాటింపు లేదు గనక నేను హాయిగా దగ్గి తెలుసుకున్నాను. ఇక్కడేమో దగ్గించిన నూనెనల్లా కల్తీ అని తిప్పి పంపించాం. ఇన్నేళ్ళూ మీ కొరడా మీకు పాచి నూనె తాగించింది ప్రభూ!"

సోమనార్యుడు కళ్ళు మూసుకున్నాడు. భటులు ముసలాయన రెక్క ఇంకా వదల్లేదు.

ఉన్నట్టుండి రాజు పొట్ట కదిలింది. పకపకా నవ్వు! నవ్వుతూ దగ్గు, దగ్గుతూ నవ్వు! "వదలండ్రా ఆ పెద్దాయన్ని! నలభై జాడీలూ రెట్టింపు ధరకు మనవే. కొమ్మయా, గొప్ప దెబ్బ కొట్టావు!" అని మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మయ మెడలో వేశాడు. దావూదు కళ్ళు తుడుచుకుని కొమ్మయను గట్టిగా కావలించుకున్నాడు.

"ఇంకేం కావాలో కోరుకో!" అన్నాడు రాజు.

"దగ్గడానికి సెలవివ్వండి ప్రభూ. ఇందాకటినుంచి ఉగ్గబట్టుకుని చస్తున్నాను!"

"దగ్గవయ్యా! నువ్వే కాదు, అందరూ దగ్గండి!"

అంతే! మూడేళ్ళుగా మింగిన దగ్గులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఆ చప్పుడుకు రేవులోని ఓడవాళ్ళు గాలివాన వస్తోందనుకుని గబగబా తెరచాపలు దించేశారట!