పిట్ట నత్త దగ్గరికొచ్చే వేళ

జగ్గాచారి మాస్టారి దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఏటి ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఊళ్లో, ఆయన పాకలో తయారైన ఏ కొత్త రకం గడియారమైనా కొన్నవాళ్ల గోడకెక్కే ముందు, అడగనివాళ్ల గోడ మీద ఏడు రోజులు ఉండి రావాలి. దాన్ని ‘అత్తవారింటికి పంపడం’ అనేవారు. ఎలా చూడాలో ఆ ఇంటివాళ్లకి ఒక్క ముక్క చెప్పకూడదు. ఎనిమిదో రోజున వెళ్లినప్పుడు “ఇంకో రెండ్రోజులు ఉంచండి” అన్నారా, నెగ్గినట్టే. “తీసుకుపోండి” అన్నారా, లోపలి మిషను ఊడదీసి మరో గడియారానికి బిగించేసేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కమలిని చేసిన రెండు గడియారాలు అలాగే ఊడిపోయాయి. ఇది మూడోది. అంకుడు కర్ర పలక, దాని మీద గుండ్రంగా పాకిన తీగ, తీగ వెంట పన్నెండు చోట్ల పన్నెండు వింతలు. ఒకచోట మొగ్గ, ఒకచోట చీమ, ఇంకోచోట నత్త, అట్టడుగున ఎండుటాకు. గంటల ముల్లుకి బదులు పసుపు పిట్ట తిరుగుతుంది, నిమిషాల ముల్లుకి బదులు తూనీగ. అంకెలు మాత్రం లేవు. లక్క పూసి, మొగలి ఆకుతో మెరుగు పెట్టిన రోజున ఆ పిట్టనే చూస్తూ ఆ పిల్ల అన్నం మాటే మరిచిపోయింది. ఇది కూడా తిరిగొస్తే ఈ పని మానేసి అనకాపల్లిలో పిన్నివాళ్ల బట్టల కొట్లో చేరిపోవాలని తనలో తనే ఒట్టు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే మాస్టారిని అడిగింది.

“మాస్టారూ, చూడగానే టైమెంతో తెలియకపోతే అది గడియారమా, గోడబొమ్మా?”

మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. “చింతతోపు అవతల బంగారమ్మ ఇంట్లో గోడ మేకు ఖాళీగా ఉంది. రేపు పొద్దున్న తగిలించి రా,” అన్నారు. అంతే.

తెల్లారి దారిలో కమలినికి ధైర్యం చాలలేదు. చింతతోపు నీడలో ఆగి, సంచిలోంచి కాటుక పెన్సిలు తీసి, పలక అంచు చుట్టూ కనిపించీ కనిపించకుండా ఒకటి నుంచి పన్నెండు దాకా రాసేసింది. ఆ రాతలకే పెన్సిలు అరిగిపోయింది. వారమంతా కాటుక లేని కళ్లతోనే పనికి వచ్చింది, మాస్టారి ముఖం మాత్రం చూడలేదు.

ఎనిమిదో రోజు ఎండ వాలుతుండగా ఇద్దరూ వెళ్లారు. బంగారమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“ఏటమ్మా, అంత సక్కటి దాన్ని మురికితో ఇచ్చీసినావు? అంచంతా నల్లటి గీతలు! నువ్వు తెచ్చిన రోజే తడిగుడ్డెట్టి తుడిచీసినాను,” అంది కమలినితో.

ఏడు రోజులూ అంకె లేకుండానే ఉందన్నమాట. గోడ వంక చూసే ధైర్యం లేక కమలిని నేల చూసింది. మనసు అప్పుడే అనకాపల్లి బస్సెక్కేసింది.

“మరి... టైమెలా తెలిసిందక్కా?”

బంగారమ్మ జవాబు చెప్పబోతూ తలెత్తి గోడకేసి చూసింది. “ఓలమ్మ! పిట్ట నత్త దగ్గరికొచ్చీసింది!” అంటూ రెండు బిందెలు చంకనెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. అర్థంకాక కమలిని గుమ్మం దాకా వెళ్లి చూసింది. నాలుగింటికి వచ్చే వీధి కుళాయి అప్పుడే గురగురలాడుతోంది.

మంచం మీది ముసలమ్మ, బంగారమ్మ అత్తగారు, బోసినోటితో నవ్వింది. “ఇదివరకు నన్నడిగీది, ఇప్పుడు పిట్టనడుగుతాది. నా పెత్తనం పోనాది, ఆచారీ! పిట్ట ఎండుటాకు దాటినా నా కొడుకు ఇంటికి రాపోతే సూడాలి దాని మొగం!”

నీళ్లతో తిరిగొచ్చిన బంగారమ్మని మాస్టారు అడిగారు, “తీసుకెళ్లమంటావా?”

ఆవిడ బిందెలు దించి, చెయ్యి తుడుచుకుని, గోడకి అడ్డంగా నిలబడింది. “ఇంకో రెండ్రోజులు ఉండనియ్యి బాబూ. మా సెల్లి వస్తాది, దానికి సూపించాల.”

తిరుగుదారిలో కమలిని కాళ్లు నేల మీద ఆనలేదు. అనకాపల్లి బస్సు వీళ్ల పక్కనుంచే దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. అది ఎక్కడికెళుతోందో కూడా ఆమె చూడలేదు. చింతతోపు దగ్గరికి రాగానే మాత్రం నడక నెమ్మదించింది.

“మాస్టారూ, నేనొక తప్పు చేశాను...”

మాస్టారు ఆగి, బోసిగా ఉన్న ఆమె కళ్లలోకి చూసి చిన్నగా నవ్వారు.

“రేపటి నుంచి కాటుక కళ్లకే పెట్టుకో తల్లీ.”