అరిసెల మీద నడిపించిన పిల్ల

పసిపిల్లలకు నీళ్ళు పోయడంలో మంగాయమ్మ మామ్మను మించిన మనిషి ఆ చుట్టుపక్కల లేదు. ఈ ముక్క ఆవిడే చెప్పేది, ఇంకొకరు చెప్పేదాకా ఆగేది కాదు. శిష్యురాలు లోవకుమారి ఏదైనా అడిగితే సూటిగా జవాబివ్వడం ఆవిడకు లేదు. ముందు తిట్టేది, తరవాత ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేది. అర్థమైతే సరే, కాకపోతే నీ ఖర్మ.

ఒకనాడు లోవ అడిగింది. "మామ్మా, నేను నీళ్ళు పోసే బాబుకి ఏడో నెల. ఇంకా బోర్లా పడలేదు. పక్కింటి పిల్ల నాలుగో నెల్లోనే పడిందని బొబ్బట్లు పంచారట. ఈ తల్లి ఒకటే ఏడుపు. రేపు తనూ పంచుతుందట. నా కళ్ళముందే పడ్డాడని నలుగురిలో ఒక్క మాట అనమంటోంది. అంటే ఏం పోతుంది?"

మామ్మ ఆముదం గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఏం పోతుందా? చెవులు తెరుచుకుని విను."

మామ్మకు ఈ పని పట్టుబడిన కొత్తల్లో సూరాయమ్మ అని ఒక మోతుబరి ఇల్లాలు ఉండేది. ఆవిడ మనవరాలిని మామ్మ కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తుంటే, ఎడమ కాలు పొట్టిగా తగిలింది. తొడ మడతలూ రెండు పక్కలా ఒకలా లేవు. "అమ్మగారూ, పెద్దాసుపత్రిలో చూపించండి" అంది.

"మా ఇంటావంటా కుంటివాళ్ళు లేరే. రుద్దడానికొచ్చావు, రుద్ది పో" అంది సూరాయమ్మ.

పద్నాలుగో నెల వచ్చినా పిల్ల అడుగు వెయ్యలేదు. ఈలోగా తోడికోడలి మనవడు నడిచాడు. ఆ ఇంటినుంచి పళ్ళెం నిండా అరిసెలు వచ్చాయి. సూరాయమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే బియ్యం నానబోయించింది. మూడోనాడు వీధినంతా పిలిచి, తెల్లగుడ్డ మీద అరిసెలు వరసగా పేర్చి, పిల్లను చంకల కింద పట్టుకుని వాటి మీద నడిపించింది. నడిపించడమేమిటి, ఈడ్చింది. పాదాలకు నువ్వులంటుకుని పిల్ల కెవ్వుమంది.

"చూశారా, గునగునా ఎలా నడుస్తోందో!" అంది సూరాయమ్మ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ మొహం జేవురించింది. "ఏమే మంగా, రోజూ చూసేదానివి, నువ్వు చెప్పు."

మామ్మ చేతిలో అప్పుడే పెట్టిన కొత్త చీర ఉంది. "నడుస్తోందమ్మా" అంది.

నడిచిందని వీధంతా అరిసెలు తిన్నాక, నడవలేదని ఏ మొహం పెట్టుకుని చెబుతారు? ఆసుపత్రికి తీసికెళితే తోడికోడలికి తెలిసిపోతుందని పిల్లను వీధి గుమ్మం దాటనివ్వలేదు. ఎలాగో కుంటుతూ నడక వచ్చింది. ఇక దాచలేక, అయిదో ఏట తీసికెళ్ళారు. తుంటి ఎముక గూట్లో లేదన్నాడు డాక్టరు. నెలల పిల్లగా తెచ్చుంటే కట్టు కట్టి సరిచేసేవాణ్ణని, ఇన్నాళ్ళూ ఏం చేశారని ఇంతెత్తున లేచాడు.

"మాకేం తెలుసు బాబూ. నీళ్ళు పోసే మనిషే నడుస్తోందని చెప్పింది" అంది సూరాయమ్మ.

మామ్మ అక్కడ ఆగింది. పళ్ళు పటపటలాడించింది. "ఆ సూరాయమ్మ చచ్చినప్పుడు కూడా నేను చూడ్డానికి వెళ్ళలేదు. ఈ రోజుకీ ఆ ఇంటి నీళ్ళు ముట్టను."

లోవ మెల్లగా అంది. "తప్పు ఆవిడదే కదా మామ్మా. నువ్వు ముందే చెప్పావు కూడాను."

"నోర్ముయ్! చెప్పానట! చెప్పినదాన్ని రెండోసారి ఎందుకు చెప్పలేదో అది అడుగు."



మామ్మ ఆముదం గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గింది.

"ఆ పిల్లకిప్పుడు ముప్పై ఏళ్ళు. మొన్న సంతలో కనబడి, బరువు మొయ్యకు మామ్మా అని నా సంచి లాక్కుంది. ఒక పక్కకి ఒరుగుతూ ముందు అది. ఇంటిదాకా దాని వెనకాలే నడిచానే, లోవా."