సుంకక్క నడక

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలం. సీమలో ఒక ఎండిన ఏరు, ఆ ఏటి పొడవునా ఇసుక. మామూలు ఇసుకా అది? చూసినంత మేరా దిబ్బలే. ఎండకు అందులో పేలాలు వేగేవి. గాలికి దారులు మాసిపోయేవి.

ఆ ఇసుకకు ఇవతల గొర్రెల కాపరుల ఊరు. ఆ ఊళ్లో సుంకక్క. మొగుడు చిన్నతనంలోనే పోయాడు. పిల్లల్లేరు. తమ్ముడు తిమ్మప్ప ఇంట్లో ఉండేది. ఒక కాలు పొట్టి కావడంతో జాతరకు పోయినా, కోతకు పోయినా అందరి వెనక వచ్చేది ఆమే. ఊళ్లో ఎవరు ఆలస్యం చేసినా "ఏందిరా ఈ సుంకక్క నడక" అని నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు సుంకక్కా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం ఆ కాలు చూసుకుని కుమిలిపోయేది.

ఒక ఏడాది తిమ్మప్ప భార్య హంపమ్మ, ఇసుకకు అవతల ఉన్న పుట్టింట్లో మగబిడ్డను కన్నది. బిడ్డను తొట్టెలో వేసి పేరు పెట్టాలి. తిమ్మప్ప ముగ్గురు పిల్లల్నీ బయల్దేరదీశాడు. పెద్దది గంగి, నడిమివాడు బయ్యన్న, చిన్నది బొమ్మి. అమ్మను చూడక నెలలైంది, ముగ్గురికీ కాళ్లు నిలవడం లేదు.

"నువ్వెందుకులే అక్కా? నీతో పోతే వాని తొట్టెలకు కాదు, పెండ్లికి చేరుకుంటాం" అన్నాడు తిమ్మప్ప.

"పిల్లోల్లకు ఒక మనిషి తోడుండాల కదరా" అంటూ సుంకక్క గొంగడి భుజాన వేసుకుంది.

ఆ ఊరివాళ్లకు ఇసుకలో గుర్తు ఒక్కటే. పెద్ద దిబ్బను ముక్కుకు సూటిగా పెట్టుకుని నడవడం. తిమ్మప్ప అలాగే నడిచాడు. ఆషాఢం గాలి ఆ దిబ్బను తోసుకుపోయి మరో చోట పోసిందని అతనికి తెలియదు. తనకంటే దారి తెలిసినవాడు లేడని మాత్రం బాగా తెలుసు.

మొదటి దిబ్బ దగ్గర బొమ్మి కూలబడింది. "అత్తా, అమ్మ ఇంకెంత దూరం?"

"నీ అడుగు ఎంతో మన నడక అంతే. పద తల్లీ" అంది సుంకక్క.

రెండో దిబ్బ దగ్గర బయ్యన్న కూలబడ్డాడు. "అత్తా, అమ్మ ఇంకెంత దూరం?"

"నీ అడుగు ఎంతో మన నడక అంతే. పద నాయనా."

మూడో దిబ్బ దగ్గర గంగి కూలబడింది. పెద్దది కదా, అడగడానికి దానికి సిగ్గు. అడగకుండానే సుంకక్క "నీ అడుగు ఎంతో మన నడక అంతే" అంది. అప్పటికి సొరబుర్రలో నీళ్లు అయిపోయాయి.

తిమ్మప్ప దిబ్బ ఎక్కి చూశాడు. అవతల ఊరు లేదు, ఇసుకే ఉంది.

"దిబ్బ జరిగినట్టుంది అక్కా. మీరు ఈడనే ఉండండి, ఉరుక్కుంటా పోయి నీళ్లు తెస్తా" అని పరుగెత్తాడు. వెనకే గాలి లేచింది. అతని అడుగులు మాసిపోయాయి.

సుంకక్క పిల్లల వైపు చూసింది. ముగ్గురి పెదాలూ పగిలి ఉన్నాయి. ఈ బిడ్డలకు ఏమైనా అయితే హంపమ్మ మొహం ఎలా చూడను అనుకుంది. చీర అంచు చింపి చేతికర్రకు కట్టి, తమ్ముడికి గుర్తుగా దిబ్బ నెత్తిన పాతింది. తర్వాత ఆ ఊళ్లో ఎవరూ చేయని పని చేసింది. బొమ్మిని అందరికంటే ముందు నిలబెట్టింది.

"గాలి తగలని పల్లానికి దిగుదాం. ముందు చిన్నది నడవాల. అది ఆగితే మనం ఆగాల" అంది.

బొమ్మి నడిచింది, అందరూ నడిచారు. బొమ్మి ఆగింది, అందరూ ఆగారు. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు గొంతుక్కూర్చుని, "అత్తా, పచ్చగడ్డి" అంది.

వేలెడంత తుంగ మొలక. పెద్ద అంగలు వేసేవాళ్లెవరైనా దాన్ని తొక్కుకుంటూ పోయేవాళ్లు.

సుంకక్క అక్కడే చేతులతో తవ్వింది. పిల్లలూ తవ్వారు. మొదట పొడి ఇసుక. తర్వాత చల్లని ఇసుక. ఆ తర్వాత తడి ఇసుక. చెలమలో నీళ్లు ఊరాయి. ముందు బొమ్మి తాగింది, తర్వాత బయ్యన్న, తర్వాత గంగి. ఆఖర్న సుంకక్క తాగింది. నలుగురూ గొంగడి కిందికి దూరారు.

పొద్దు వాలేటప్పటికి తిమ్మప్ప తూలుకుంటూ వచ్చాడు. తిరిగి తిరిగి, ఖాళీ సొరబుర్రతో బయల్దేరిన చోటికే చేరాడు. దిబ్బ మీద చీర పేలిక చూశాడు. పల్లంలోంచి పిల్లల పాట విన్నాడు. "నీ అడుగు ఎంతో మన నడక అంతే." బొమ్మి దోసిలితో నీళ్లు పోస్తే తాగాడు. తాగి, అక్క పొట్టికాలి మీద తల పెట్టి ఏడ్చాడు.

"ఇంగ నువ్వే ముందు నడువక్కా" అన్నాడు.

"నేను కాదురా, బొమ్మి నడవాల."

తెల్లారేసరికి గాలి పడిపోయింది. దూరంగా కోడి కూసింది. ఆ కూత పట్టుకుని బొమ్మి ముందు, దాని వెనక అందరూ నడిచారు. ఆఖర్న తిమ్మప్ప, తల వంచుకుని.

హంపమ్మ బిడ్డను ఇంకా తొట్టెలో వేయకుండా వీళ్ల కోసం ఎదురుచూస్తోంది. పిల్లలు ఆమె మీద పడ్డారు. జరిగిందంతా బొమ్మే చెప్పింది. శుభకార్యం కదా అని సుంకక్క ఎప్పట్లాగే గడప బయట పక్కకు నిలబడింది. హంపమ్మ బిడ్డతో లేచి గడప దాటి వచ్చింది.

"వదినా, ముగ్గురు బిడ్డల్ని నా చేతిలో పెట్టినావు. నాలుగోవాని చెవిలో పేరు నువ్వే చెప్పాల" అంది.

సుంకక్క తల ఎత్తుకుని, కుంటుతూనే అందరి ముందుకూ నడిచింది. జన్మలో ఆమె అందరికంటే ముందు నడిచింది ఆ రోజే.

బతికినన్నాళ్లూ సుంకక్క పోయి ఆ చెలమలో ఇసుక తోడేది. ఆమె పోయాక చెలమ పూడిపోతుందని అనుకున్నారు. పూడలేదు. ఆ దారిన పోయే ప్రతి మనిషీ మూడు దోసిళ్ల ఇసుక తోడి పోశాకే నీళ్లు ముట్టుకుంటాడు. పిల్లలు తాగాకే పెద్దలు తాగుతారు. ఇసుక దాటేటప్పుడు ఇప్పటికీ అందరికంటే చిన్నబిడ్డే ముందు నడుస్తుంది.

ఇంక ఆ ఊళ్లో బిడ్డను తొట్టెలో వేసిన రోజు, మేనత్త ముత్తైదువైనా విధవరాలైనా, పిల్లల తల్లయినా గొడ్రాలైనా, ఆమెనే ముందుకు పిలుస్తారు. ఆమె బిడ్డ చెవిలో పేరు చెప్పి, అరికాళ్లు నిమిరి దీవిస్తుంది.

"సుంకక్క నడక నడువు నాయనా."

ఇప్పుడు ఆ మాటకు అక్కడ ఎవరూ నవ్వరు.